కార్డు వెనక రాసిన మాటలు

జనవరి ఇరవై ఏడో తేదీ, బుధవారం, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు సెనేటర్ ఎలెన్ స్ట్రాడ్ అధ్యక్ష పదవి పోటీ నుంచి తప్పుకున్నారు. అదే ప్రసంగంలో, నాలుగు నిమిషాల తర్వాత, గవర్నర్ క్రెయిగ్ మెర్సియర్‌ను గెలిపించమని తన వాళ్లను కోరారు. అయోవాలో మా పార్టీ కాకస్‌కి, అంటే అభ్యర్థిని తేల్చే ఊరి సభకి, అప్పటికి ఐదు రోజులుంది.

ఆ సమయానికి నేను ఎల్క్ క్రీక్ లూథరన్ చర్చి నేలమాళిగలో బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాను. మర్నాడు ఒక అంత్యక్రియల భోజనం ఉంది. బల్లకి అటువైపు ఆగ్నెస్ ట్వెట్ హామ్ ముక్కలు కోస్తోంది. ఆవిడకి ఎనభై మూడేళ్లు. రేడియో ఆవిడ పక్కనే ఉంది.

"వెల్డా, మీ సెనేటరమ్మ దిగిపోయింది," అంది.

"ఎవరు?"

"ఎవరేంటి? నా గుమ్మం దాకా నువ్వు మూడుసార్లు మోసుకొచ్చిన మనిషి. దిగిపోయి ఆ మెర్సియర్ చెయ్యి పట్టుకుందట."

"సరిగ్గా విన్నావా?"

"చెవుడు ఎడమ చెవికి, పిల్లా. రేడియో కుడివైపుంది."

బకెట్‌లో ఇంకా ఇరవై దాకా దుంపలున్నాయి. అవి పూర్తిచేసి ఇంటికి వెళ్లాను.

మెర్సియర్ పైప్‌లైన్ మనిషని మా టౌన్‌షిప్‌లో ఎవరినడిగినా చెబుతారు. మా కౌంటీలో ఆయన ప్రచారం చూసేది గ్లెన్ హార్టిగ్ అనే లాయరు. ముడి చమురు పైప్‌లైన్ వేసే కంపెనీ తరఫున, పొలాల్లోంచి దారి ఇమ్మని రెండేళ్లుగా ఇంటింటికీ తిరిగి సంతకాలు అడుగుతున్నది కూడా అతనే. ఆ దారిలో మా వైపు పన్నెండు కుటుంబాల పొలాలున్నాయి. ఆగ్నెస్‌తో సహా పన్నెండు కుటుంబాలూ వద్దన్నాయి. పైప్‌లైన్ మొదట దిగేది రాయిస్ పొలంలో, ఆ తర్వాత మా పొలంలో. రాయిస్ మా ఆయన మెర్ల్‌కి తమ్ముడు, అతని భార్య బెవ్. ఈ ఇద్దరూ ఇవ్వకపోతే కంపెనీ దక్షిణానికి తిరిగి వాగు అవతలి నుంచి పోవాలి. ఆ రెండో దారి పటాన్ని కూడా వాళ్లు అనుమతులిచ్చే రాష్ట్ర బోర్డుకి ఇచ్చి ఉన్నారు. అన్నదమ్ముల్లో ఒక్కరు సంతకం పెట్టినా మిగతా పదిమంది పట్టు వృథా.

అక్టోబర్‌లో స్ట్రాడ్ మా ట్రాక్టర్ షెడ్డుకి వచ్చారు. డెబ్బై మంది గడ్డి మోపుల మీద కూర్చున్నారు. మెర్ల్ వెనక నిలబడ్డాడు. ముప్ఫై ఏళ్లుగా అతను అవతలి పార్టీకి ఓటేస్తున్నాడు. ప్రశ్నలకి పిలిచినప్పుడు మొదట చెయ్యెత్తింది అతనే.

"సెనేటర్ గారూ, ఒక్కటే అడుగుతాను. మా నాన్న ఈ నేల కింద నీరు పోవడానికి మట్టి గొట్టాలు పరిచాడు. పైప్‌లైన్ తవ్వితే అవి తెగుతాయి, పొలం చెరువవుతుంది. మేం వద్దంటే వద్దేనా?"

"మీరు వద్దంటే వద్దే."

"రాసుకోమంటారా?"

"రాసుకోండి. తేదీ కూడా వేసుకోండి," అన్నారు ఆవిడ.

మర్నాడు మెర్ల్ కోర్టు భవనానికి వెళ్లి ఓటరు నమోదులో పార్టీ మార్చుకున్నాడు. ఆ వారమే నేను మా పోలింగ్ పరిధిలో స్ట్రాడ్ తరఫున బాధ్యత తీసుకున్నాను.

మా దగ్గర కాకస్‌లో ఓటు చీటీ ఉండదు. సాయంత్రం ఏడింటికి బడి వ్యాయామశాల తలుపులు మూస్తారు. ఎవరి అభ్యర్థి మూలకి వాళ్లు వెళ్లి నిలబడాలి. తలలు లెక్కపెడతారు. నూటికి పదిహేను మంది లేని గుంపు చెదిరిపోయి ఇంకో గుంపులో కలవాలి, లేదా ఇంటికి పోవాలి. ఎవరు ఎక్కడ నిలబడ్డారో ఊరంతా చూస్తుంది. అందుకని ఒక్కొక్కరినీ ముందే ఒప్పించి కార్డు మీద సంతకం తీసుకోవాలి. నా పని అది.

మాతో కలిపి మూడు కౌంటీలకి స్ట్రాడ్ పంపిన ఉద్యోగి టెస్సా గోర్మన్ సెప్టెంబర్ నుంచి మా మేడ గదిలో ఉంటోంది. ఒహాయోలో పదిహేనేళ్లు టీచరుగా చేసి వచ్చింది. కార్డు వెనకవైపు ఖాళీ ఎందుకో నాకు చెప్పింది ఆవిడే.

"పేరూ ఫోనూ ఎవరైనా రాస్తారు వెల్డా. మనిషి దేనికి భయపడుతున్నాడో వెనక రాయండి. ఆఖరి వారం ఫోన్ చేసేవాళ్లకి అదే పనికొస్తుంది."

రాశాను. ఆగ్నెస్ కార్డు వెనక: మోకాళ్లు, ఎవరైనా బండిలో తీసుకురావాలి. ఇంకొకరి వెనక: కొడుకు మాట వింటాడు. ఇంకొకరి వెనక: బ్యాంకు వాళ్లు రెండుసార్లు వచ్చారు. సాయంత్రాలు టెస్సా మా భోజనాల బల్ల దగ్గర కూర్చుని అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించేది. కాఫీ నేనే ఇచ్చేదాన్ని.

డిసెంబర్ నాలుగున రాయిస్ దగ్గరికి వెళ్లాను. అతను తన షెడ్డులో మక్కజొన్న కోత యంత్రం కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు. బయటికొచ్చి, కార్డు ఇంజను మీద పెట్టి సంతకం చేశాడు. సంతకం గీత దాటి పోయింది.

"చలా?" అన్నాను.

"చలికి రెండు చేతులూ వణకాలిగా. ఇది ఒక్కటే వణుకుతోంది." చెయ్యి చంకలో పెట్టుకున్నాడు. "రోచెస్టర్ పెద్దాసుపత్రిలో చూపించాం. పార్కిన్సన్ అన్నారు. బెవ్‌కి తెలుసు. ఇప్పుడు నీకు తెలిసింది. మెర్ల్‌కి చెప్పకు."

"అన్నకి చెప్పకుండా ఎలా రాయిస్?"

"చెప్తే రేపు పొద్దున్నే నా పొలం కూడా దున్నడం మొదలుపెడతాడు. వాడికి అరవై ఆరు. ఇద్దరం ఒకే ఏడాది పోతే మీ ఆడవాళ్లకి వంటలు ఎక్కువైపోతాయి."

"ఎన్నాళ్లు చెయ్యగలవు?"

"రెండు పంటలు. దేవుడు నా మాట మర్చిపోతే మూడు." కార్డు నాకిచ్చాడు. "నిజం చెప్పనా? ఒక్కోరోజు ఆ హార్టిగ్‌గాడి కాగితం మీద గీకేసి కూర్చుందామనిపిస్తుంది. ఆ డబ్బు చికిత్సకైనా పనికొస్తుంది. మెర్ల్ మొహం చూసి ఆగుతున్నా. ఇదీ వాడికి చెప్పకు."

చెప్పనన్నాను. పికప్ బండిలో కూర్చుని కార్డు తిప్పి రాశాను: "చేతి వణుకు, పార్కిన్సన్. రెండు పంటల కంటే చెయ్యలేడు. పైప్‌లైన్ సంతకానికి ఊగుతున్నాడు, అన్న కోసం ఆగాడు. అన్నకి తెలియదు. స్ట్రాడ్ వైద్య పథకం గురించి చెప్పాలి." చివరి వాక్యం కింద గీత గీశాను.

మెర్ల్‌కి చెప్పలేదు.

బుధవారం చర్చి నుంచి ఇంటికి వచ్చేసరికి టెస్సా కోటు విప్పకుండా బల్ల దగ్గర కూర్చుని ఉంది. కాసేపటికి మెర్ల్ పందులకి మేత వేసి వచ్చాడు.

"నాకూ రేడియోలోనే తెలిసింది," అంది టెస్సా. "రేపట్నుంచి మెర్సియర్‌కి పనిచేస్తే జీతం ఉంటుందట. లేదంటే బస్సు టికెట్ ఇస్తారట. వెల్డా, మీకూ ఉత్తరం వచ్చింది. మీ కార్డుల వాళ్లందర్నీ మెర్సియర్ మూలకి నడిపించమని."

"సంతకం ఎవరిది?" అన్నాడు మెర్ల్.

"ఎలెన్‌దే."

మెర్ల్ బూట్లు విప్పాడు. "పందులే నయం. తొట్టి మార్చేముందు అరుస్తాయి."

టెస్సా మేడ మీదకి వెళ్తుంటే వెనకే వెళ్లాను. మెట్ల మీద ఆపాను.

"కార్డులేమయ్యాయి?"

"నా పెట్టెలోనే ఉన్నాయి. తీసేసుకోండి."

"కంప్యూటర్‌లో ఎక్కించినవి?"

"మధ్యాహ్నం మూడింటికి మెర్సియర్ వాళ్లకి పంపేశారు. రాష్ట్రం మొత్తం ఒకేసారి. ఏ కౌంటీవి ఆ కౌంటీ వాళ్లకి వెళ్తాయి."

"వెనక రాసినవి కూడానా?"

ఆవిడ గోడవైపు చూసింది. "అవి లేకపోతే ఆ జాబితా టెలిఫోన్ పుస్తకం వెల్డా. అవి కూడా."

టెస్సా గురువారం పొద్దున బస్సు టికెట్ తీసుకుంది. రాయిస్‌కి ముందే చెప్పడానికి నాకు రెండు రోజులున్నాయి. గురువారం అంత్యక్రియలు, వంద మందికి భోజనాలు. శుక్రవారం అతని ఇంటి మలుపు దాకా బండి నడిపాను. అతను పందులని లారీ ఎక్కిస్తున్నాడు, పక్కన ఇద్దరు మనుషులున్నారు. వెనక్కి తిప్పుకుని వచ్చేశాను. ఫోన్ చేస్తే బెవ్ తీసింది. వాళ్ల పై గదిలో పైపులు గడ్డకట్టిన సంగతి మాట్లాడుకున్నాం.

శనివారం తొమ్మిదిన్నరకి రాయిస్ మా వంటింట్లోకి వచ్చాడు. మెర్ల్ కాఫీ తాగుతున్నాడు. రాయిస్ టోపీ తియ్యలేదు, కుర్చీ లాక్కోలేదు. రెండు చేతులూ జేబుల్లో ఉన్నాయి.

"ఎనిమిదింటికి గ్లెన్ హార్టిగ్ వచ్చి వెళ్లాడు."

"కుక్కని వదల్లేదట్రా?" అన్నాడు మెర్ల్.

"వదిలా. పోయి వాడి చెయ్యి నాకింది."

మెర్ల్ నవ్వాడు. రాయిస్ నవ్వలేదు.

"పైప్‌లైన్ ఊసెత్తకముందే నా చెయ్యి ఎలా ఉందని అడిగాడు."

"నీ చేతికేం?"

రాయిస్ నా వైపు తిరిగాడు. "ఆ కార్డు మీద ఏం రాశావు వెల్డా?"

రాసినది రాసినట్టు చెప్పాను. నాకు మాట మాటా గుర్తుంది. అర నిమిషం కూడా పట్టలేదు.

"రెండు పంటలన్నది కూడా రాశావా?"

"రాశాను."

"వాడూ అదే అన్నాడు. 'ఇంకో రెండు పంటలేగా రాయిస్, ఆ తర్వాత ఈ కాగితమే నీకు ఆధారం' అన్నాడు. పంటల లెక్క నేనెవరికీ చెప్పలేదు. నీకు తప్ప."

మెర్ల్ కప్పు కింద పెట్టాడు. "చేతులు బయటికి తియ్యి."

రాయిస్ తీశాడు. మెర్ల్ చూశాడు.

"ఎప్పట్నుంచి?"

"పోయిన వసంతం నుంచి."

"విత్తనాలప్పుడా?"

"అప్పుడే."

"అందుకన్నమాట వరసలు వంకరపోయింది. తాగి తోలావనుకున్నా."

"నువ్వలా అనుకుంటేనే నయమనిపించింది."

"ఊరంతటికీ చెప్పాను రా, తాగి తోలావని."

"తెలుసు. రెండుచోట్ల నాకు ఉత్తినే మందు పోశారు కూడా."

మెర్ల్ కుర్చీలోంచి లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. "సంతకం పెట్టావా?"

"నిన్నడక్కుండా పెడతానా?"

"మరి అడుగుతున్నావా?"

రాయిస్ చేతులు మళ్లీ జేబుల్లో పెట్టుకున్నాడు. "లేదు," అని వెళ్లిపోయాడు. అతని పికప్ మలుపు తిరిగింది.

"నీకెప్పుడు తెలుసు?" అన్నాడు మెర్ల్.

"డిసెంబర్ నాలుగు."

"ఎనిమిది వారాలు." కప్పు కడిగాడు. బోర్లించాడు. "పక్కన పడుకునేవాడికి చెప్పలేదు. కార్డుకి చెప్పావు."

ఆదివారమంతా అతను నాతో అన్న మాట ఒక్కటే, మంచు తుఫాను మంగళవారానికి గాని రాదని.

హార్టిగ్‌కి ఎలా తెలిసిందో నేను రుజువు చెయ్యలేను. వసంతంలో అతన్నే అడిగాను. చిన్న కౌంటీలో అన్నీ తెలుస్తాయన్నాడు. నాకు తెలిసినంత ఇది: జాబితా బుధవారం మూడింటికి వెళ్లింది. మా కౌంటీ భాగం అందినట్టు హార్టిగ్ శుక్రవారం సంతకం చేశాడని టెస్సా తర్వాత రాసింది. శనివారం ఎనిమిదింటికి అతను రాయిస్ గుమ్మంలో ఉన్నాడు.

సోమవారం ఏడింటికి వ్యాయామశాల తలుపులు మూశారు. నూట పద్దెనిమిది మంది వచ్చారు. ఒక గుంపు నిలవాలంటే పద్దెనిమిది మంది కావాలి. మెర్సియర్ గుంపు బాస్కెట్‌బాల్ బుట్ట కింద ఉంది, పోటీలో మిగిలిన మూడో అభ్యర్థి గుంపు స్టేజి దగ్గర. నేను ఉత్తరంలో చెప్పినట్టు చెయ్యలేదు. అట్టముక్క మీద "ఎవరికీ కాదు" అని రాసి స్కోరు బోర్డు కింద నిలబడ్డాను. నిబంధనల్లో అదీ ఒక మూలే.

ఆగ్నెస్ మడత కుర్చీ తెచ్చుకుని మొదట వచ్చింది.

"నిలబడాలన్నారు. కూర్చుంటే లెక్కెయ్యరా?"

"వేస్తారు."

"అయితే మళ్లీ లేపకు."

నా కార్డుల వాళ్లలో సగానికి పైగా మెర్సియర్ వైపు పోయారు. వాళ్లలో ముగ్గురు నా కళ్లలోకి చూడలేదు. రాయిస్, బెవ్ మా మూలకే వచ్చి నిలబడ్డారు. బెవ్ నాతో మాట్లాడలేదు. మొదటి లెక్కలో మేం పదిహేడు మంది.

"ఒక్క తల తక్కువ," అన్నాడు లెక్కపెట్టినాయన. "అరగంట టైముంది. ఎవరినైనా లాక్కొచ్చుకోండి."

మెర్ల్ తలుపు పక్కన, బడి పిల్లలు ఆటల్లో గెల్చిన కప్పులు పెట్టిన అద్దాల బీరువా దగ్గర నిలబడి ఉన్నాడు. పేరు రాయించుకున్నాడు గాని ఏ మూలకీ వెళ్లలేదు.

"ఏం మెర్ల్, ఆ కప్పులు నువ్వు గెల్చినవేనా, కాపలా కాస్తున్నావు?" అని మెర్సియర్ గుంపులోంచి ఎవరో అరిచారు. జనం నవ్వారు.

ఆగ్నెస్ చేత్తో పిలిచింది. "రావయ్యా! ఇక్కడ కుర్చీ కూడా ఉంది. దాన్లో నేనున్నాననుకో."

మెర్ల్ నడిచాడు. మా వైపే వస్తున్నాడనుకుని లెక్కపెట్టినాయన పెన్సిలు తీశాడు. మెర్ల్ మమ్మల్ని దాటి బుట్ట కింద హార్టిగ్ దగ్గరికి వెళ్లాడు. నాలుగు మాటలు మాట్లాడాడు. హార్టిగ్ జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. మెర్ల్ వెనక్కి తిరిగి, తలుపు తీయించుకుని బయటికి పోయాడు.

రాయిస్ ఆ తలుపు వైపే చూస్తున్నాడు.

రెండో లెక్కలోనూ మేం పదిహేడు మందిమే. గుంపు చెదిరింది. మెర్సియర్‌కి నాలుగు ప్రతినిధి స్థానాలు వచ్చాయి, మూడో అభ్యర్థికి రెండు. నేను అట్టముక్క మడిచి చెత్తబుట్టలో పడేశాను.

మెర్ల్ పికప్‌లో ఇంజను ఆన్ చేసి కూర్చున్నాడు.

"గ్లెన్‌తో ఏం మాట్లాడావు?"

"రేపు పదింటికి ఆఫీసు తీస్తాడా అని అడిగాను."

ధాన్యం గోదాముల దీపాలు దాటాక అన్నాను.

"మెర్ల్, నువ్వు వద్దనే కదా రెండేళ్లుగా…"

"నేను పెట్టకపోతే వాడు పెట్టడు. వాడు పెట్టాలి. వాడి చేతుల్ని చూశాను కదా."

"మిగతా పదిమంది సంగతి?"

"వాళ్లకి నువ్వు చెప్పు. ఇంటింటికీ తిరగడం నీకు అలవాటేగా." మలుపు దగ్గర వేగం తగ్గించాడు. "నువ్వూ రావాలి. భార్య సంతకం లేకపోతే ఆ కాగితం చెల్లదట."

మంగళవారం పొద్దున ఆరింటికి మెర్ల్ తమ్ముడికి ఫోన్ చేశాడు. రాయిస్ గొంతు నాకు పొయ్యి దగ్గరికి వినిపించింది. వద్దురా వద్దురా అంటున్నాడు. "నేను పదింటికి పెడుతున్నా. ఆ తర్వాత నువ్వు పెట్టకపోతే నా పొలం ఊరికే పోయినట్టు. నీ ఇష్టం," అని మెర్ల్ ఫోన్ పెట్టేశాడు.

మంచు ఎనిమిదింటికి మొదలైంది. హార్టిగ్ ఆఫీసు కోర్టు భవనానికి ఎదురుగా ఉంటుంది. దారి బాగాలేక మేం చేరేసరికి పది దాటింది. వరండాలో బల్ల మీద రాయిస్, బెవ్ కూర్చుని ఉన్నారు. బెవ్ అతని చెయ్యి తన కోటు జేబులో పెట్టుకుని ఉంది. మెర్ల్ వాళ్ల ముందు ఆగాడు.

"వరసలు వంకర పోయినా పంట బాగానే వచ్చింది రా," అన్నాడు. లోపలికి వెళ్లాం.

"కాఫీ తాగుతారా?" అన్నాడు హార్టిగ్.

"పెన్ను ఇవ్వు."

పద్నాలుగు పేజీలు. మెర్ల్ అన్నీ చదివాడు. వ్యతిరేకించడానికి రెండేళ్లుగా చదువుతున్న కాగితమే అది, ఐనా మళ్లీ చదివాడు. ఆఖరి పేజీలో పది నలభైకి సంతకం చేశాడు. దాని కింది గీత పక్కన నా పేరు ముందే అచ్చువేసి ఉంది. పది నలభై రెండుకి నేను చేశాను.

ఆ మధ్యాహ్నం మంచులోనే పది ఇళ్లకీ వెళ్లాను. ఇద్దరు తలుపు తియ్యలేదు. ఒకాయన విని, సరే వెల్డా అని తలుపు వేసుకున్నాడు. ఆగ్నెస్ కిటికీలోంచి చూసి, గొలుసు తియ్యకుండా తలుపు సందులోంచి అడిగింది:

"చేతిలో కార్డు గాని ఉందా?"

"లేదు."

"అయితే లోపలికి రా."

మా ఇద్దరి పేర ఉన్న పత్రం కౌంటీ రికార్డుల్లో ఫిబ్రవరి రెండున పదకొండు గంటల ఇరవై నిమిషాలకు నమోదైంది. దాని తర్వాతి పత్రం రాయిస్, బెవ్‌లది. అది పదకొండు ముప్ఫై ఒకటికి నమోదైంది.